ఎండాకాలం పోగొట్టుకున్న చెరువు: అయిదేళ్ల పని మీద ఒక కేస్ స్టడీ

మురుగుతో పాడైన ఒక చెరువును బాగుచేయడానికి మా బృందం చేసిన పని కథ ఇది. ఈ చెరువు పేరు రాయడం లేదు. పని మొదలుపెట్టిన రోజే అక్కడి మత్స్యకారుల సంఘానికి ఇచ్చిన మాట అది. మురుగు చెరువని పేరు పడితే తమ చేపను మార్కెట్లో ఎవరూ కొనరని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలి వైపు, ఒక గొలుసుకట్టులో నడిమి చెరువు. పైన ఒక చెరువు, కింద ఒక కుంట. కట్ట, తూము, అలుగు మూడూ నిలిచే ఉన్నాయి. ఆయకట్టు మాత్రం లేదు, అక్కడ ఇప్పుడు ఇళ్లు. రెండు నాలాలు వచ్చి కలుస్తాయి. ఉత్తరం వైపుది పెద్దది, పాత కాలనీల మురుగు దాంట్లో వస్తుంది. పడమటిది చిన్నది, కొత్త అపార్ట్‌మెంట్లది.

ఇలాంటి చెరువు దగ్గర రేపు పని మొదలుపెట్టబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పని ముందు చేశాం, ఏది వెనక చేశాం, ఎక్కడ వరుస తప్పి దెబ్బతిన్నాం అన్నదే ఇందులో ముఖ్యం. పద్ధతులు అందరికీ తెలిసినవే. వరుస దగ్గరే చాలా చెరువులు పాడవుతున్నాయి.

మొదటి రోజు

మేం మొదటిసారి కట్ట ఎక్కింది మే నెలాఖరున. ఆ నెలలో తెలంగాణ చెరువు ఎలా ఉండాలో మన పెద్దవాళ్లకు తెలుసు. నీళ్లు తూము ముందరి మడుగులోకి ముడుచుకుపోతాయి. మిగతా శిఖమంతా నెర్రెలు విచ్చి ఉంటుంది, గొర్రెలు తిరుగుతుంటాయి, బండ్ల మీద పూడిక మట్టి పొలాలకు పోతుంటుంది. ఈ చెరువు మాత్రం అలుగు అంచు దాకా నిండుగా ఉంది. సగం మీద గుర్రపుడెక్క. డెక్క లేనిచోట పాలకూర రుబ్బి కలిపినంత చిక్కటి ఆకుపచ్చ. ఉత్తరపు నాలా కలిసే మూలన నల్లటి నీళ్లు, కిందినుంచి బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన.

కట్ట మీద ఆ ఊరి పాత నీరటి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తూము ఎత్తడం, దించడం ఆయన పని. ఏం చేస్తే బాగుపడుతుంది పెద్దయ్యా అని అడిగాను. "గీ చెరువుకు ఎండకాలం లేకుంట పోయింది బిడ్డా. ఎండనిది ఎట్ల బాగైతది?" అన్నాడు. పాతరోజుల మీద బెంగ అనుకుని నోట్‌బుక్‌లో ఒక మూలన రాసుకున్నాను. ఆయన చెప్పింది సరస్సుల శాస్త్రమేనని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కొలతలు, లెక్క

చెరువు నీటిని పగటిపూట కొలిస్తే మోసపోతాం. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది కాబట్టి పదకొండు గంటలకు తీసిన నమూనాలో ఆక్సిజన్ నిండుగా కనిపిస్తుంది. రాత్రంతా అదే నాచు, దానికింద బురదలోని బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. అందుకే మా కొలతలు తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. లీటరుకు 2 మిల్లీగ్రాముల దిగువకు పోతే చాలా చేపలు తట్టుకోలేవు. ఈ చెరువులో తెల్లవారుజామున అది దాదాపు సున్నా. మళ్లీ మధ్యాహ్నం నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో పీహెచ్ పైకెక్కుతుంది. పీహెచ్ 9 దాటితే మురుగులోని అమ్మోనియాలో విషరూపం ఎక్కువవుతుంది. అంటే చేపకు రాత్రి ఊపిరి కష్టం, పగలు విషం. దీనికి తోడు జూన్ తొలివానకు నాలాల్లో వేసవంతా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా వచ్చి పడితే చేపలు తెల్లగా తేలుతాయి. "వానకు చచ్చినయ్" అని ఊళ్లో అనుకునే మాట వెనక జరిగేది ఇదే.

నీళ్ల తేటదనం కొలిచే సెక్కీ పళ్లెం మేమే చేసుకున్నాం. స్టీలు పళ్లేనికి నలుపు, తెలుపు రంగులు వేసి తాడు కట్టాం. మొదటిరోజు అది జానెడు లోతు కూడా పోకుండానే కనుమరుగైంది.

ఆ తర్వాత కూర్చుని వేసింది భాస్వరం లెక్క. నాచు పెరగడానికి కావలసిన ముఖ్యమైన ఎరువులు నత్రజని, భాస్వరం. నత్రజనిని కొన్నిరకాల నీలిహరిత నాచులు గాలిలోంచి కూడా పట్టుకోగలవు. భాస్వరానికి ఆ దారి లేదు, అది బయటినుంచి రావాల్సిందే. అందుకే మంచినీటి చెరువులో నాచు పగ్గం సాధారణంగా భాస్వరం చేతిలో ఉంటుంది. ఒక మనిషి మలమూత్రాలు, సబ్బుల నుంచి రోజుకు సుమారు ఒకటి నుంచి రెండు గ్రాముల భాస్వరం మురుగులోకి పోతుంది. ఒక గ్రాము భాస్వరంతో దాదాపు నూరు గ్రాముల ఎండు నాచు పెరగగలదు. గ్రామున్నర చొప్పున వేసుకున్నా వెయ్యిమంది ఇళ్ల మురుగు రోజుకు నూటయాభై కిలోల ఎండు నాచుకు సరిపడా ఎరువన్నమాట. ఉత్తరపు నాలా మీద వెయ్యిమంది కాదు, ఎన్నో వేలమంది ఉన్నారు.

ఇదే లెక్క మొక్కల వైపు నుంచి వేద్దాం. నీటి మొక్కలు కోసి బయటికి తీస్తే చదరపు మీటరుకు ఏడాదికి కొన్ని గ్రాముల భాస్వరం పోతుంది. 5 గ్రాములు అనుకుందాం. ఒక మనిషి ఏడాది భాస్వరం 500 గ్రాముల పైమాటే. అంటే ఒక్క మనిషికి వంద చదరపు మీటర్ల మొక్కలు, అవి కూడా ఏటా తప్పకుండా కోస్తేనే. ఈ లెక్క కాగితం మీద పెట్టినరోజు మా బృందంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెరువు నిండా మొక్కలు నాటినా నాలా తెచ్చే భాస్వరంలో చిన్న భాగమే పోతుంది. నాలాను ముట్టుకోకుండా మొక్కలతో చెరువు బాగుచేస్తామని ఎవరు చెప్పినా, ఈ లెక్క వేసి చూపించమని అడగండి.

మొదటి ఏడాది, మా మొదటి తప్పు

లెక్క తెలిసి కూడా ఒక తప్పు చేశాం. డెక్క కళ్లకు కనబడేది, అది పోతే పని జరిగినట్టు కనిపిస్తుంది. నిధులిచ్చిన వాళ్లు, కాలనీ వాళ్లు అందరూ అదే కోరారు. నాలా ఇంకా పారుతుండగానే వేసవిలో యంత్రం దింపి డెక్క మొత్తం తీసేశాం. కొన్ని వారాల్లోనే నీళ్లు ఇంకా చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. అప్పటిదాకా డెక్క నీడ నాచుకు ఎండ తగలనివ్వలేదు, దాని వేళ్లు ఎరువులో కొంత పంచుకున్నాయి. ఆ నీడా, ఆ పోటీదారూ ఒకేసారి లేకుండా పోయాయి. పైగా తీసిన డెక్కను కట్ట పక్కనే కుప్పలు పోశారు. డెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఆ కుప్పలు కుళ్లి కారిన రసం మళ్లీ చెరువులోకే దిగింది.

అప్పటినుంచి డెక్కను ఒక్కసారిగా తీయలేదు. వెదురు బొంగులు, తాళ్లతో అడ్డుకట్టి నాలా మూలకు పరిమితం చేశాం. అక్కడ పెరిగినదాన్ని వారం వారం కోసి, అదేరోజు కట్ట దాటించి కంపోస్టుకు పంపాం. ఎండ బాగున్నరోజుల్లో డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. వదిలేస్తే చెరువు కప్పేస్తుంది, కట్టుకుని కోసుకుంటే ఎరువును పట్టి మన చేతికిస్తుంది.

నాలా

నాలా ఆపితే సరస్సు దానంతటదే తేరుకుంటుందా? అమెరికాలో సియాటిల్ పక్కనున్న లేక్ వాషింగ్టన్ తేరుకుంది. 1963 నుంచి 1968 లోపు దాంట్లోకి పోయే మురుగును పక్కకు మళ్లించారు, కొన్నేళ్లలోనే నీళ్లు తేటపడ్డాయి. అయితే దాని సగటు లోతు 30 మీటర్ల పైన. స్వీడన్‌లో వెక్షో పట్టణం పక్కనున్న ట్రమ్మెన్ సరస్సు కథ వేరు. 1950ల చివర్లో అక్కడ మురుగు ఆపేశారు. పదేళ్లయినా సరస్సు ఆకుపచ్చగానే ఉంది, చలికాలంలో చేపలు చచ్చిపోతూనే ఉన్నాయి. దాని సగటు లోతు మీటరుకు కాస్త పైన. మన చెరువులన్నీ ట్రమ్మెన్ జాతివే. లోతు తక్కువ, అడుగున బురద ఎక్కువ, గాలి వీస్తే ఆ బురద పైకి లేస్తుంది. కాబట్టి నాలా ఆపడం తప్పనిసరే గాని దాంతో పని అయిపోదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. వానాకాలం దాటాక నగర చెరువుకు వచ్చే నీరంటూ ఉంటే అది మురుగే. మొత్తం మళ్లిస్తే చెరువు ఎండిపోతుంది, ఎండిన చెరువు మీద కబ్జాదారు కన్ను పడుతుంది. ఈ చిక్కుకు నాకు నచ్చిన జవాబు బెంగళూరు జక్కూరు చెరువులో చూశాను. సుమారు 160 ఎకరాల చెరువు. పైన మురుగు శుద్ధి కేంద్రం ఉంది, మొదట్లో దాని సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు. శుద్ధి అయిన నీళ్లు నేరుగా చెరువులో పడవు. మధ్యలో జమ్ము, ఇతర నీటి మొక్కలు పెరిగిన తడినేల గుండా పారి, ఆ తర్వాతే చెరువు చేరతాయి. యంత్రం చేయాల్సింది యంత్రం, మొక్కలు చేయగలిగింది మొక్కలు చేస్తాయి.

మాకు శుద్ధి కేంద్రం లేదు. రెండో ఏడాది ఉత్తరపు నాలాను మళ్లించే పైపు పూర్తయింది, దాని మురుగు ట్రంకు లైనులోకి (పెద్ద మురుగు పైపులోకి) పోయింది. వానలకు పొంగినప్పుడు మాత్రం చెరువులోకి వస్తుంది, దాన్ని ఆపలేకపోయాం. పడమటి నాలాను ఉంచుకున్నాం. అది కలిసేచోట ముందు ఒక లోతైన గుంత తవ్వించాం, మడ్డి అక్కడ దిగిపోవాలి. గుంత దాటాక మోకాలి లోతు నీళ్లలో జమ్ము, తుంగ, మెట్టతామర, గట్ల మీద వట్టివేరు.

ఈ తడినేలలో జరిగే పనిని మొక్కల పుణ్యంగా చెబుతారు. నిజానికి ఎక్కువ పని వేళ్లకు, కాడలకు అంటుకున్న జిగురు పొరలోని సూక్ష్మజీవులది. వేరు పక్కన ఆక్సిజన్ ఉన్నచోట ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. కాస్త దూరంలో ఆక్సిజన్ లేనిచోట మరో జాతి ఆ నైట్రేటును నత్రజని వాయువుగా గాల్లోకి పంపేస్తుంది. నత్రజనికి అలా బయటికి పోయే దారి ఉంది. భాస్వరానికి లేదు. అది మడ్డిలో దిగాలి, లేదా మొక్కలో చేరి కొడవలితో బయటికి రావాలి. కోయని తడినేల రెండు మూడేళ్లలో నిండిపోతుంది, ఎండిన జమ్ము అక్కడే కుళ్లి తీసుకున్నది తిరిగిచ్చేస్తుంది. మా దగ్గర కోత బాధ్యత ఇద్దరు గేదెల పెంపకందార్లు తీసుకున్నారు. ముదిరిన జమ్మును గేదె తినదు, అందుకని వాళ్లు గట్ల దిగువన పారా గడ్డి వేసుకున్నారు. గడ్డి కోసం వచ్చినప్పుడు జమ్ము కూడా కోసి కంపోస్టు గుంతలో వేస్తారు. ఈ ఏర్పాటు కాగితం మీద ఎక్కడా లేదు. అప్పటినుంచి ఆగకుండా నడుస్తున్నది మాత్రం ఇదే.

బురద

నాలా పోయిన తొలి వేసవికి నీళ్లు తేటపడతాయని అందరం ఎదురుచూశాం. పడలేదు. ఊళ్లో ఎగతాళి చేశారు, సంఘం వాళ్లు మాట్లాడటం తగ్గించారు. అప్పుడు చేసిన పరీక్షను ఇలాంటి పని చేసే ప్రతివాళ్లూ మొదట్లోనే చేయాలి. ఖర్చు దాదాపు లేదు. రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చాం. ఒకదాంట్లో చెరువు అడుగు బురద జానెడు మందాన, పైన బోరు నీళ్లు. రెండోదాంట్లో ఉత్త బోరు నీళ్లు. రెండూ గాలి చొరకుండా మూసి నీడన పెట్టాం. కొన్నిరోజులకు ల్యాబులో చూస్తే బురద డ్రమ్ము నీళ్లలో భాస్వరం బాగా ఎక్కువైంది, ఉత్త నీళ్ల డ్రమ్ములో మార్పు లేదు. బయటి నాలా ఆగినా చెరువు అడుగున ఇంకో నాలా పారుతోంది.

దీని కారణాన్ని క్లిఫర్డ్ మార్టిమర్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ సరస్సుల మీద 1941, 1942ల్లోనే రాశాడు. బురద పైపొరలో ఆక్సిజన్ ఉన్నంతకాలం అక్కడి ఇనుము తుప్పురూపంలో ఉండి భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ పోగానే ఇనుము కరుగుతుంది, పట్టు విడుస్తుంది, భాస్వరం పైకొస్తుంది. మురుగు చెరువులో ఇది ఇంకో మెట్టు ముందుకు పోతుంది. కుళ్లిన గుడ్డు వాసనకు కారణమైన గంధకం ఇనుమును పట్టేసి నల్లటి ఐరన్ సల్ఫైడుగా మారుస్తుంది. బురద నల్లగా ఉండటం అందుకే. భాస్వరానికి ఇక పట్టుకొమ్మ ఉండదు.

నీరటి మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏటా వేసవిలో ఎండినప్పుడు మన చెరువు బురదకు గాలి తగిలేది. నల్లది బూడిదరంగుకు, గోధుమరంగుకు తిరిగేది, నెర్రెలు విచ్చి గట్టిపడేది. రైతు దాన్ని పూడికగా తవ్వి పొలానికి తోలుకునేవాడు. భాస్వరం చెరువులోంచి చేనులోకి పోయేది. తరతరాలుగా నడిచిన పద్ధతి ఇదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక పొలాలకు చేరింది కూడా ఇదే దారిన. నగరం వచ్చి ఏడాది పొడుగునా మురుగు పారించి చెరువును ఎప్పుడూ నిండుగా ఉంచింది. ఎండాకాలం పోవడమంటే బురద ఊపిరి పోవడం, పొలానికి పోయే దారి మూసుకోవడం, రెండూ.

ట్రమ్మెన్‌లో ఆ బురదను పంపులతో తోడేశారు. స్వెన్ బ్యోర్క్ ఆధ్వర్యంలో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1970లో అర మీటరు, 1971లో మరో అర మీటరు నల్లబురద తీశారు. ఆ తర్వాతే నీళ్లు తేటబడ్డాయి. మాకు అంత డబ్బు లేదు, అక్కర కూడా లేదు. మాకు తెలంగాణ మే నెల ఎండ ఉంది. కావలసిందల్లా తూము తెరవడం.

తూము దశాబ్దాలుగా మట్టితో పూడి ఉంది. తవ్వి, కొత్త తలుపు పెట్టడానికి ఒక చలికాలమంతా పట్టింది. మూడో ఏడాది ఫిబ్రవరి నుంచి నీళ్లు మెల్లగా వదిలాం. ఏప్రిల్ చివరికి తూము ముందరి మడుగు తప్ప చెరువంతా బయటపడింది. బురద తవ్వే ముందు సీసం, క్రోమియం, కాడ్మియం పరీక్షలు చేయించాం. ఉత్తరపు నాలా మూలన సీసం ఎక్కువగా తేలింది. ఆ నాలా మీద ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పే షెడ్లుండేవి. ఆ మూల మట్టిని పొలాలకు ఇవ్వలేదు, విడిగా తీయించి వేరే పంపించాం. మిగతాది రైతులు, నర్సరీల వాళ్లు ట్రాక్టర్లతో తోలుకుపోయారు. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామిక వాడల దిగువ చెరువు అయితే మాత్రం ఈ మార్గం వద్దు. అక్కడ బురద పొలానికి పోతే విషం తిండిలోకి పోతుంది.

ఇక్కడ రెండో తప్పు. తోలకానికి వీలుగా ఉంటుందని కొంత తడి బురదను కట్ట లోపలి వాలు మీదే కుప్ప పోశాం. మే మూడో వారంలో అకాలవాన పడింది. కుప్పల్లోంచి నల్లనీళ్లు వాగులా మడుగులోకి కారి, మడుగులో దాచిన కొరమీను పిల్లలు చాలావరకు పోయాయి. ట్రమ్మెన్‌లో తోడిన బురదను ముందు గట్ల లోపల నిలవబెట్టి, అందులోంచి వచ్చే నీటిని పటికతో శుద్ధి చేశాకే సరస్సులోకి తిరిగి వదిలారు. ఆ సంగతి నేను చదివే ఉన్నాను. స్వీడన్ వానలకు కావలసిన జాగ్రత్త మన వేసవికి అక్కర్లేదనుకున్నాను. ఆ చేప పిల్లలను మడుగులో వదిలింది సంఘం తన డబ్బుతో. ఆ నష్టం మేమే కట్టాం.

ఎండబెట్టే పద్ధతిలో ఒక మెలిక కూడా ఉంది. ఎండిన మట్టి మొదటిసారి తడిసినప్పుడు అందులోని పోషకాలు ఒక్కసారిగా నీళ్లలోకి వస్తాయి. అందుకని తొలకరి నీళ్లను నిలపకూడదు, తూము తెరిచే ఉంచి వదిలెయ్యాలి. వదిలితే కింది కుంట ఊరుకోదు. కుంట వాళ్లతో మూడుసార్లు కూర్చున్నాక ఆ నీళ్లను కుంటలోకి కాకుండా పక్కనున్న పారా గడ్డి మడులకు మళ్లించేలా ఒప్పందం కుదిరింది. జులై మొదటి వారం దాకా వదిలి, ఆ తర్వాత తూము దించాం.

చేపలు

ఇక్కడ నేను చదువుకున్న పుస్తకం సగమే పనికొచ్చింది.

చల్లటి దేశాల్లో లోతు తక్కువ సరస్సులను తేటపరచడానికి చేపల పొందిక మారుస్తారు. చిన్న చేపలు నీటి ఈగలను (డాఫ్నియా లాంటి చిట్టి జలచరాలను) తింటాయి, ఆ ఈగలు నాచును తింటాయి. చిన్న చేపలను తగ్గిస్తే ఈగలు పెరిగి నాచును మేసేస్తాయి. నెదర్లాండ్స్‌లోని వెలువెమీర్‌లో 1990లలో అడుగు తవ్వే బ్రీమ్ చేపను వలలతో బాగా తగ్గించాక కారా అనే అడుగు మొక్కలు అంతటా పరుచుకున్నాయి. మన వేడి నీళ్లలో ఈ గొలుసు మొదటి సగం తెగిపోతుంది. మన నీటి ఈగలు చిన్నవి, నీలిహరిత నాచు గుంపులను మింగలేవు. తిలాపియా ఏడాది పొడుగునా పిల్లలు పెడుతూనే ఉంటుంది, ఎంత పట్టినా తరగదు.

రెండో సగం మాత్రం మన దగ్గరా నిజమే. అడుగు తవ్వే చేప నీళ్లను కలుషితం చేస్తుంది. మన చెరువుల్లో ఆ పని చేసేది బంగారు తీగ. తిండి కోసం బురదలో మూతి పెట్టి కెలుకుతుంది, అడుగు మొక్కలను వేళ్లతో లేపేస్తుంది, బురదలోని భాస్వరాన్ని తిని నీళ్లలోకి విసర్జిస్తుంది. గడ్డిచేప అడుగు మొక్కలనే నేరుగా మేస్తుంది. నిషేధం ఉన్నా ఎవరో వదిలిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా ఇక్కడ దొరికింది.

చెరువు ఎండగట్టిన ఏడాది ఇవన్నీ ఒకేసారి పట్టేసే వీలు దొరికింది. పట్టడం తేలిక. ఆ తర్వాత ఏం వదలాలన్న మాట దగ్గరే గట్టి చర్చ జరిగింది. బంగారు తీగ తొందరగా పెరుగుతుంది, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పిల్లల్లోనూ వస్తుంది, సంఘానికి అది నమ్మకమైన రాబడి. "మీ నీళ్లు తెల్లగైతే మా పొయ్యి మీదికి ఏమొస్తది సారూ?" అని సంఘం పెద్ద అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని చెరువు పని చేయకూడదని నా నమ్మకం. మేం చెప్పిన జవాబు కొరమీను. అది వేటాడే చేప, తిలాపియా పిల్లలను తింటుంది, గట్టు గడ్డిలో పెరుగుతుంది, గాలి నేరుగా పీల్చగలదు. కిలోకు వచ్చే ధర బంగారు తీగ కంటే ఎన్నో రెట్లు. దాంతోపాటు బొచ్చె, రవ్వ తక్కువ సంఖ్యలో. గడ్డిచేప, బంగారు తీగ అస్సలు వద్దు. మొదటి ఏడాది రాబడి తగ్గితే తేడా మేం కట్టేలా రాసుకున్నాం. మొదటి ఏడాది కట్టాం. రెండో ఏడాది కట్టాల్సిన అవసరం రాలేదు.

చేపల పని మొక్కలతో ముడిపడి ఉంది. లోతు తక్కువ నీటిలో రెండు స్థితులే గట్టిగా నిలబడతాయి. అడుగంతా మొక్కలున్న తేట నీళ్లు ఒకటి, మొక్కలు లేని నాచు నీళ్లు ఇంకొకటి. మొక్కలుంటే బురద కదలదు, ఎండ అడుగుదాకా పోతుంది, ఇంకా మొక్కలొస్తాయి. నాచు ఉంటే ఎండ దిగదు, మొక్కలు రావు, గాలికి బురద లేస్తుంది, ఇంకా నాచు. మార్టెన్ షెఫర్ లాంటి డచ్ శాస్త్రవేత్తలు 1990లలో ఈ సంగతి గట్టిగా నిరూపించారు. ఒక స్థితి నుంచి ఇంకోదానికి మెల్లమెల్లగా పోలేం, ఒక్క ఊపు కావాలి. ఎండబెట్టడం, బంగారు తీగను తీసెయ్యడం రెండూ ఒకే వేసవిలో చేయడం మాకు ఆ ఊపు ఇచ్చింది. మేం హైడ్రిల్లా, వాలిస్నేరియా అనే అడుగు మొక్కలు తెచ్చి నాటాం. కలువ మాత్రం ఎవరూ నాటలేదు. ఎన్నేళ్లుగా బురదలో పడి ఉందో, నాలుగో ఏడాది ఆగస్టులో తూము వైపు దానంతటదే పైకొచ్చింది. ఆరోజు నీరటిని చెయ్యిపట్టి కట్ట మీదికి తీసుకొచ్చాం. ఆయనకు చూపు మందగించింది, పువ్వు కోసి చేతికిస్తే వాసన చూశాడు.

తెప్పలు, పొడులు, గాలి పంపులు

తేలే మొక్కల తెప్పల గురించి అందరూ అడుగుతారు. 2018లో హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో వేసిన పెద్ద తెప్పతో వీటికి మంచి పేరొచ్చింది. మేమూ వేశాం. నీడ ఇస్తాయి, పక్షులకు చోటిస్తాయి, వేళ్లలో చేపలు గుడ్లు పెడతాయి, బడి పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచిది లేదు. భాస్వరం విషయంలో మాత్రం పైన రాసిన లెక్కే వీటికీ వర్తిస్తుంది. కోస్తేనే లాభం. థర్మకోల్ మీద వేయకండి. మా మొదటి తెప్పల కింద థర్మకోల్ వానాకాలపు గాలికి పగిలి తెల్ల పూసలై చెరువంతా పరుచుకుంది. జల్లెళ్లతో ఏరుతూ నెలరోజులు గడిపాం. తర్వాత వెదురు, మూతలు బిగించిన పాత ప్లాస్టిక్ క్యాన్లు వాడాం.

నీళ్లలో చల్లితే చెరువు బాగవుతుందని బ్యాక్టీరియా పొడులు, ద్రావణాలు అమ్ముతారు. మురుగులో బ్యాక్టీరియాకు కరువు లేదు, కరువు ఆక్సిజన్‌కు. వాటి మీద మేం ఖర్చుపెట్టలేదు. గాలి పంపులు రెండు పెట్టాం, రాత్రి పన్నెండు నుంచి తెల్లారేదాకా మాత్రమే నడుపుతాం. చేపకు ఊపిరి కావలసింది అప్పుడే.

ఇప్పుడు

అయిదో ఏడాది నడుస్తోంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడుం లోతు నీళ్లలో నిలబడితే చాలాచోట్ల పాదాలు కనిపిస్తాయి. వేసవికి ఆకుపచ్చ తిరిగొస్తుంది, మునుపటంత చిక్కగా కాదు. తెల్లవారుజాము ఆక్సిజన్ సున్నాకు పోవడం లేదు. రెండు తొలకరులు చేప చావకుండా దాటాయి. మూడోసారి ఉత్తరపు పైపు పొంగి చచ్చాయి, గతంలోకన్నా తక్కువ. బుడుబుంగలు వచ్చాయి. అవి కంటితో చూసి మునిగి వేటాడే పక్షులు, తేట నీళ్లు వాటికి అనుకూలం. నత్తగుల్ల కొంగలు కూడా వస్తున్నాయి.

పడమటి కాలనీలో కొత్త అపార్ట్‌మెంట్లు మరో మూడు లేచాయి. మడ్డి గుంత మేం అనుకున్నదానికి సగం కాలానికే నిండుతోంది. దాన్ని తోడించడానికి ఏ బడ్జెట్టులోనూ పద్దు లేదు, ప్రతిసారీ అడుక్కుని చేయిస్తున్నాం. కొత్త చెరువు కట్టడానికి, నడకదారి వేయడానికి, లైట్లు పెట్టడానికి డబ్బు దొరుకుతుంది. గుంత తోడడానికి దొరకదు. దీన్ని ప్రాజెక్టు మొదటి రోజే ఒప్పందంలో రాయించుకోకపోవడం నా మూడో తప్పు.

ఇంకో తగవు తెగలేదు. కట్ట మీద నడిచే కాలనీ వాళ్లకు వేసవిలోనూ నిండు చెరువే కావాలి. మూడో ఏడాది చెరువు ఎండగట్టినప్పుడు మూడు వారాలు వాసన వచ్చింది, ఫిర్యాదులు పైదాకా పోయాయి. వాళ్లది తప్పని అనలేను, ఇంటి కిటికీ ముందు నల్లబురద ఎవరికైనా కష్టమే. ఏటా కాకుండా మూడేళ్లకోసారి ఎండగడతామని, ముందే తేదీలు చెబుతామని, తూము ముందరి మడుగు ఎప్పుడూ ఉంచుతామని రాతపూర్వకంగా ఇచ్చాం. కాలనీ సంఘంలో సగంమంది సంతకం పెట్టారు.

ఆ లెక్కన వచ్చే ఫిబ్రవరిలో తూము మళ్లీ ఎత్తాలి. తాళంచెవి ఇప్పుడు నీరటి కొడుకు దగ్గరుంది. ఈసారి మట్టి తోలకానికి కట్టకు బయటి వైపు చోటు చూసుకున్నాం, చుట్టూ గట్టు పోశాం, పటిక బస్తాలు ముందే తెచ్చి పెట్టాం.